పట్టింపుల బావగారు, చిన్న జీతం బావమరిది

మేనమామ అన్నవాడు ఖాళీ చేతులతో గుమ్మం తొక్కకూడదంటారు. ఆ చేతుల్లో ఏముండాలో తేల్చే హక్కు కూడా మేనమామదేనని మాత్రం ఎవరూ అనలేదు. మా అక్కయ్య ఇంట్లో ఆ హక్కు బావగారిది. ఆయన వద్దన్నవి పోగా ఏమైనా మిగిలితే, వాటి మీద అక్కయ్యది.

1990లలో నేను విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. లారీ రసీదులు రాయడం, ఎక్కడో ఆగిపోయిన సరుకు ఆచూకీ కోసం ఫోన్లు చేయడం నా పని. గది అద్దె, మెస్సు బిల్లు కట్టాక జీతంలో మిగిలేదాన్ని జీతం అనడానికి నోరు రాదు. అక్కయ్య వాళ్ళు అనకాపల్లిలో ఉండేవారు. బావగారు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. రెండేళ్ళ తేడాతో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది బుజ్జి, చిన్నది చిట్టి. ఇంట్లో పిలుచుకునే పేర్లే ఇక్కడికి చాలు.

బావగారి నిషేధాల జాబితా నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ప్లాస్టిక్ వద్దు. రంగురంగుల మిఠాయిలు వద్దు. తుపాకులు వద్దు. బంగారు జుట్టు, నీలికళ్ళ బొమ్మలు వద్దు, మన పిల్లలు అద్దంలో చూసుకుని ఏడవాలా అనేవారు. బ్యాటరీతో నడిచేవి అసలే వద్దు. “బొమ్మ ఆడుతుంటే పిల్ల చేతులు కట్టుకుని చూడటం ఏమిటోయ్? ఆడాల్సింది పిల్ల కదా” అన్నది ఆయన వాదన. పొయ్యి, గిన్నెలు, గరిటెలు ఉండే వంటసామాను సెట్లు కూడా వద్దు. ఆడపిల్ల అనగానే చేతిలో గరిటె పెట్టేస్తారని చిరాకు పడేవారు. ఇరుగుపొరుగువాళ్ళు ఈ మాటకు ముసిముసిగా నవ్వుకునేవారు కానీ, ఆ ఇంట్లో పొద్దున్నే లేచి డికాషన్ వేసి అక్కయ్యకు కాఫీ అందించేది ఆయనే కాబట్టి ఆ మాట అనే అర్హత ఆయనకుందని నా అభిప్రాయం.

ఇవన్నీ ఒక ఎత్తు, ధర ఒక్కటీ ఒక ఎత్తు. యాభై రూపాయలు దాటిన వస్తువేదీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. లోకమంతా ధర చీటీ గీకేసి కానుక ఇస్తుంది. నేను చీటీ చెక్కుచెదరకుండా చూసుకుని, చీటీ లేని వస్తువైతే బిల్లు జేబులో పెట్టుకుని మరీ వెళ్ళేవాణ్ణి. బావగారు కళ్ళజోడు పైకి తోసి అంకె చదివి, “ఊఁ, ఇవ్వు” అన్నాకే పిల్లల చేతికి అందేది.

ఈ పట్టింపు ఆయనకు ఎక్కడ పట్టుకుందో అక్కయ్య ఒకసారి చెప్పింది. చిన్నప్పుడు బావగారికి వాళ్ళ మేనమామ సైకిలు కొనిచ్చాడట. కొనివ్వడం ఒక్కసారే, చెప్పుకోవడం జీవితాంతం. పెళ్ళి పందిట్లో, పురిటి స్నానం నాడు, చివరికి ఎవరిదో దినం భోజనాల దగ్గర కూడా “వీడికి సైకిలు కొన్నది నేనేగా” అని ఆ పెద్దమనిషి పది మందికీ వినిపించేవాడు. సైకిలు తుప్పుపట్టి పాత సామాన్లవాడికి వెళ్ళిపోయాక కూడా ఆ మాట తుప్పు పట్టలేదు. తన పిల్లల నెత్తిన అలాంటి సైకిలు ఎవరూ ఎక్కించకూడదని బావగారు నిశ్చయించుకున్నారు.

నిజం చెప్పాలంటే ఆ యాభై రూపాయల గీత నా పాలిట వరం. అన్నిటికీ నవ్వుతూ తలూపే ఇళ్ళకు వెళ్ళాలంటేనే నాకు భయం. “ఎందుకండీ ఇవన్నీ” అంటూ పొట్లం అందుకుని, చేతితో బరువు, కళ్ళతో ఖరీదు తూచేస్తారు. మనం మెట్లు దిగకముందే లెక్క తేలిపోతుంది. బావగారి దగ్గర ఆ బాధ లేదు. ఆయన ఎదురుగానే తూచేవారు. పైగా తక్కువ తూగితేనే మార్కులు.

బావగారి అన్నగారు అమెరికాలో ఉండేవారు. ఆయన ఒకసారి తెచ్చిన బొమ్మకు జుట్టు బంగారం, కళ్ళు నీలం, పొట్టలో బ్యాటరీ. పడుకోబెడితే కళ్ళు మూసేది, నొక్కితే ఇంగ్లీషులో ఏదో పాడేది. ఒక్క బొమ్మలో ఇన్ని నిషేధాలు కలిసిరావడం అరుదు. అన్నగారిని ఏమీ అనలేక బావగారు దాన్ని పెట్టెతో సహా బీరువా పైకి ఎక్కించారు. పెట్టె ముందువైపు పారదర్శకమైన కాగితం ఉండేది. అందులోంచి అది కిందికి చూస్తూ ఉండేది, పిల్లలు పైకి చూస్తూ ఉండేవారు. ఈమధ్య చిట్టి నాతో అంది: “మామయ్యా, మీరంతా నాన్నగారి పద్ధతులను మెచ్చుకుంటారు కానీ, ఆ బొమ్మ కోసం నేను దిండులో మొహం పెట్టుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో ఎవరికీ తెలియదు.” చిట్టి చెప్పింది కాదనలేం. పద్ధతి పెద్దలకు బాగుంటుంది, దిండు తడిసేది పిల్లలది. మాల్‌లో బొమ్మల దుకాణం కనబడితే చిట్టి ఈ వయసులో కూడా ఓ నిమిషం ఆగుతుంది.

అక్కయ్య పట్టింపులు వేరే రకం. మొదటిది సమానత్వం. ఇద్దరికీ ఒకటే వస్తువు తెస్తే “నాది ఏది, దానిది ఏది” అని కొట్లాట. వేరువేరు తెస్తే “నాకు అదే కావాలి” అని కొట్లాట. ఒకే వస్తువు రెండు రంగుల్లో తెస్తే ఇద్దరికీ ఎరుపే కావాలి. అందుకని ఒకే వస్తువు, ఒకే రంగు, అడుగున పేరులో మొదటి అక్షరం అని అక్కయ్య తీర్పు ఇచ్చింది. నేను ఆఫీసులో లారీ పెట్టెల మీద గుర్తులు వేసే నల్లసిరాతో ఆ అక్షరాలు రాసేవాణ్ణి. రెండోది బట్టలు. నైలాన్ లేసులు పిల్లల మెడ దగ్గర గీసుకుంటాయని, నూలు తప్ప మరొకటి ముట్టుకోనిచ్చేది కాదు.

విజయవాడలో ఉన్నవాడికి నూలు కష్టం కాదు. పక్కనే మంగళగిరి. పొడుగాటి పట్టీలా సాగే నిజాం అంచు చేనేతను తానుగా కొనే స్తోమత నాకు లేదు కానీ, తానుల చివర మిగిలిన ముక్కలను దుకాణాలవాళ్ళు విడిగా కుప్ప పోసి అమ్మేవారు. ఆ కుప్పలో చేతులు పెట్టి వెతికితే చిన్నపిల్ల పరికిణీకి సరిపడే ముక్క దొరుకుతుంది. ఒకే రంగులో రెండు ముక్కలు దొరకడానికి మాత్రం అదృష్టం కావాలి. అవి తీసుకెళ్తే అక్కయ్య దర్జీతో పరికిణీ అంచు పైన రెండు మడతలు పెట్టించేది. ఏడాదికి ఒక మడత విప్పుతారు. విప్పినచోట బట్ట కొత్త రంగుతో చారలా కనిపిస్తుంది. బుజ్జి ఆ చారలను చూపించి, “ఇది ఒకటో తరగతి, ఇది రెండో తరగతి” అని వచ్చినవాళ్ళకు చెప్పేది.

సంక్రాంతికి వెళ్ళేటప్పుడు నాకు మరో వెసులుబాటు ఉండేది. విజయవాడ పుస్తక ప్రదర్శన అప్పట్లో జనవరి ఒకటిన మొదలయ్యేది. పండగ లోపు పుస్తకాలు కొనుక్కుని రైలెక్కవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి పల్చటి పిల్లల పుస్తకాలు కొన్ని రూపాయలకే వచ్చేవి. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల దుకాణానికి వెళ్తే సోవియట్ పుస్తకాలు ఇంకా మిగిలి ఉండేవి. 1991లో ఆ దేశం విడిపోయాక కొత్తవి రావడం ఆగిపోయింది, ఉన్న నిల్వ అరల్లో తరుగుతూ వచ్చింది. మందపాటి కాగితం, నిండు రంగుల బొమ్మలు, ధర చూస్తే నవ్వొచ్చేంత తక్కువ. మంచు, ఎలుగుబంట్లు, కొయ్య ఇళ్ళు, బిర్చి చెట్లు. వాటిని చదివి చిట్టి అనకాపల్లి ఎండలో కూర్చుని మంచు ఎప్పుడు పడుతుందని అడిగేది.

పుస్తకాలకూ తనిఖీ తప్పేది కాదు. బావగారు ముందు తాను చదివేవారు. కోడలిని కాల్చుకు తినే అత్తలూ, పిల్లను అడవిలో వదిలేసే సవతి తల్లులూ ఉంటే పక్కన పెట్టేసేవారు. ఆ లెక్కన సగం కథలు పోతాయి. చందమామకు ఏడాది చందా కడతానన్నప్పుడు మొత్తం చూసి మొదట మొహం చిట్లించారు. తరవాత దాన్ని పన్నెండు పెట్టి భాగించుకుని, నెలకు ఇంతేనా అని ఒప్పుకున్నారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ, శంకర్ గీసినది, ప్రతి సంచికలోనూ వచ్చేది కదా. దానికి ముందుగానే పిల్లలను కూర్చోబెట్టి దయ్యాలు లేవని ఒక పాఠం చెప్పారు. పాఠం విన్నాక కూడా చిట్టి ఆ పేజీ దగ్గర కళ్ళు మూసుకుని తిప్పేది. మద్రాసు వడపళని నుంచి వచ్చే ఆ సంచిక మీద మొదట్లో బుజ్జి పేరే ఉండేది. “పోస్ట్‌మన్ నన్ను ఎప్పుడూ పిలవడు” అని చిట్టి పేచీ పెట్టింది. మరుసటి ఏడాది చందాను చిట్టి పేరుకు మార్చాను. పుస్తకం ఎవరైనా చదువుకోవచ్చు కానీ, పోస్ట్‌మన్ గేటు దగ్గర పేరు పెట్టి పిలవడం ఉంది చూశారూ, అసలు కానుక అదేనని నాకప్పుడు తెలిసింది.

కొయ్యబొమ్మల సంగతికి వస్తాను. నేను ఉండేది విజయవాడ కాబట్టి మొదట కొండపల్లికే వెళ్ళాను. తెల్లపొణికి కర్ర చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, రోట్లో దంచే ఆవిడ, ఇవన్నీ తెచ్చాను. బావగారు బొమ్మలను మెచ్చుకున్నారు, రంగును ముట్టుకుని మాత్రం ఆగిపోయారు. అది ఎనామెల్ రంగు. చిట్టి అప్పుడు చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు. “రంగుల్లో సీసం ఉంటుందోయ్. పిల్లల మెదడుకు మంచిది కాదు” అన్నారు. అప్పట్లో మన పెట్రోలులో కూడా సీసం కలిపేవారు. దేశమంతటా అది ఆగింది 2000లో. ఇళ్ళకు వేసే రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదన్న నిబంధన అమలయింది 2017 చివర్లో. ఆ రోజుల్లో ఈ మాట ఎత్తితే జనం ఆయనను చాదస్తుడి కింద జమకట్టేవారు. నేనూ కట్టాను.

మొత్తానికి కొండపల్లి బొమ్మలు ఆడుకోవడానికి కాదు, సంక్రాంతి బొమ్మల కొలువులో కూర్చోవడానికి అని రాజీ కుదిరింది. అక్కయ్య ట్రంకుపెట్టెలు మెట్లుగా పేర్చి పైన తెల్లపంచె పరిచేది. ఏడాదికో బొమ్మ చొప్పున నా వంతు చేరేది. దేవుళ్ళ మెట్టు మీద బావగారు ఒక గ్లోబు కూడా పెట్టేవారు. పేరంటానికి వచ్చినవాళ్ళు దానికీ ఒక అక్షింత వేసి వెళ్ళేవారు.

ఆడుకోవడానికి మరి ఏమివ్వాలి? జవాబు వాళ్ళ ఊరికి కూతవేటు దూరంలోనే ఉంది. ఏటికొప్పాక. అనకాపల్లి వాళ్ళకు ఏటికొప్పాక బొమ్మ తీసుకెళ్ళడం తిరుపతి వాళ్ళకు లడ్డు తీసుకెళ్ళినట్టే. అయినా ఒక ప్యాసింజరు రైల్లో వెళ్తూ నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగిపోయి వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్ళాను. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు పోతున్నాయి, దారంతా ఆ తీపి వాసన. బొమ్మలు చేసే ఇంటి అరుగు మీద కూర్చుని చూశాను. అంకుడు కర్ర ముక్కను యంత్రానికి బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తారు. చుట్టలు చుట్టలుగా పొట్టు లేస్తుంది. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పరుచుకుంటుంది. కుంచె లేదు, ఆరబెట్టే పని లేదు. చివర మొగలి ఆకుతో రుద్దితే అప్పటిదాకా మొద్దుగా ఉన్నది తళతళలాడుతుంది. ఆ ఊళ్ళో చింతలపాటి వెంకటపతి రాజు గారి చొరవతో కృత్రిమ రంగులు పక్కనపెట్టి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటి వాటి రంగులకు మళ్ళుతున్న కాలం అది. నేను ఎగిరి గంతేశాను. ప్లాస్టిక్ కాదు, బ్యాటరీ లేదు, సీసం లేదు, గిలక్కాయ ధర బస్సు టిక్కెట్టు కంటే తక్కువ.

బావగారు నా మాట నమ్మలేదు. గిలక్కాయను తడి రుమాలుతో గట్టిగా రుద్ది, రుమాలును వెలుతురులో పట్టుకుని చూశారు. మచ్చ లేదు. తరవాత వాసన చూశారు. “ఊఁ, ఇవ్వు.”

గిలక్కాయల వయసు దాటాక బొంగరాలు తెచ్చాను. ఆ తరవాత వచ్చింది అసలు చిక్కు. అక్కయ్యకు లక్కపిడతల మీద మోజు. తన చిన్నప్పటివి పోయాయట, పిల్లలకు తెమ్మని ఉత్తరంలో గుట్టుగా రాసింది. చిన్న చిన్న కుండలు, మూకుళ్ళు, చెంబులు, తిరగలి. అది అచ్చంగా వంటసామాను కాక మరేమిటి? రెండు సెట్లు సంచిలో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ వెళ్ళాను. ధర దగ్గర గట్టెక్కాయి, రంగు దగ్గర గట్టెక్కాయి. కానీ బావగారు తిరగలిని రెండు వేళ్ళతో పట్టుకుని, “ఇదేమిటోయ్?” అన్నారు. అక్కయ్య వంటింట్లోంచి బయటకు రాలేదు.

ఎవరూ ఏమీ అనకముందే బుజ్జి రెండు మూకుళ్ళు పట్టుకుని పోయింది. కాసేపటికి చూస్తే కొబ్బరి ఈనెకు రెండు పక్కలా దారాలతో వాటిని వేలాడదీసి, నడుమ మరో దారం కట్టి పైకెత్తి పట్టుకుంది. ఒక దాంట్లో చింతగింజలు, ఒక దాంట్లో శనగలు. ఈనె ఒక పక్కకే వాలిపోతోంది, దానికి కోపం వస్తోంది. బావగారు తిరగలి కింద పెట్టి, వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నారు. “దారం అక్కడ కాదమ్మా, కొంచెం ఇటు జరుపు” అన్నారు. ఇంకేముంది, భోజనాల వేళ దాకా లేవలేదు. ఎన్ని శనగలకు ఒక చింతగింజ అని పలక మీద రాసుకున్నారు. నేను గురివింద గింజలు తెచ్చిపెడతాను, కంసాలులు బంగారం తూచేది వాటితోనే అంటే మాత్రం ఒప్పుకోలేదు. అవి విషమట. నిజమే, విషమే.

ఆ రోజు నుంచి లక్కపిడతలు వంటసామాను జాబితాలోంచి ప్రయోగశాల పరికరాల జాబితాలోకి మారిపోయాయి. బుజ్జి సెట్టు మాటే ఇది. చిట్టి సెట్టులో బావగారు కాలేజీకి వెళ్ళగానే ఇటుకపొడి పులుసు ఉడికేది, గడ్డి కూర వేగేది. గేటు చప్పుడు వింటూ కాపలా కాసేది అక్కయ్య.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో, ఆ ఊరి సొంత సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు బావగారు పేపర్లో ఆ ముక్క కత్తిరించి ఫొటో తీసి పంపారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆ బొమ్మలు మన రాష్ట్ర శకటంగా ఊరేగుతుంటే పొద్దున్నే ఫోను చేసి, టీవీ పెట్టావా లేదా అని కేకలేశారు.

బుజ్జి ఇప్పుడు హైదరాబాదులో ఉంటుంది. దానికో కూతురు. పట్టింపుల్లో తండ్రిని మించిపోయింది. చక్కెర వద్దు, ఫోను, టీవీ తెరలు వద్దు, గులాబీ రంగు వద్దు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు కదా, “గుర్తు ఉందా మామయ్యా?” అని అడుగుతుంది. నమోదైన చేతివృత్తులవారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఉందమ్మా అంటే ఆ కాగితం పంపమంటుంది. పంపుతాను. ధర గీత మాత్రం ఎత్తేసింది, అదే నా దిగులు. హైదరాబాదు దుకాణాల్లో పాలిష్ పట్టిన కొయ్య గిలక్కాయ ధర చూశాను. ఆ డబ్బుతో అప్పట్లో నెలంతా మెస్సులో తినేవాణ్ణి. అందుకే ఇప్పటికీ రైలెక్కి ఏటికొప్పాకకే వెళ్తాను.

మొన్న పండక్కి బుజ్జి కూతురు అనకాపల్లిలో ఉండగా నాకు ఫోను వచ్చింది. బుజ్జి గొంతు మండిపోతోంది. “ఏమిటి మామయ్యా, నువ్వే ఇలా చేస్తే ఎలా? ప్లాస్టిక్ రైలు! బ్యాటరీ! ఇల్లంతా కూతలు! ఎవరు తెచ్చారని అడిగితే మామయ్యే తెచ్చాడని నాన్న చెప్పారు.” నేను పండక్కి ఆ ఊరు వెళ్ళనే లేదు. ఒక్క క్షణం ఆలోచించి, “పిల్ల ముచ్చటపడుతుందని తెచ్చానమ్మా” అన్నాను. పావుగంట తిట్టింది, పడ్డాను. తరవాత బావగారికి ఫోను చేశాను. వెనక రైలు కూత వినిపిస్తోంది, పిల్ల కిలకిలలు వినిపిస్తున్నాయి.

“ఎంతైంది బావగారూ?” అని అడిగాను.

“ఇదిగో, మీ అక్కయ్య మాట్లాడుతుందట” అని ఫోను ఆవిడ చేతికిచ్చేశారు.